మా మామ కారు గేరుబాక్సు చరిత్ర

ఈసారి పత్రికకి చరిత్ర వ్యాసం రాయమని మా సాంఘిక శాస్త్రం సారు చెప్పినప్పుడు క్లాసులో సగం మంది కృష్ణదేవరాయలను పట్టుకున్నారు. మిగిలిన వాళ్ళలో చాలామంది మా హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వర స్వామి గుడిని తీసుకున్నారు. నేను ఒక గేరుబాక్సు పేరు రాసిచ్చాను. సారు కళ్ళద్దాలు తీసి నన్ను చూసి, "గేరుబాక్సుకి చరిత్ర ఏముందిరా?" అన్నారు. "ఉంది సార్, అది తెలీకనే మా మామ డబ్బులు పోయినాయి" అన్నాను. "అట్లయితే రాయి" అన్నారు. అందుకే రాస్తున్నాను. నిజం చెప్పాలంటే ఆ డబ్బులు పోవడంలో నా తప్పు కూడా ఉంది.

మా నాయన లారీ డ్రైవరు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, అమెరికాలో మిచిగాన్ రాష్ట్రంలో డెట్రాయిట్ దగ్గర పని చేస్తున్నాడు. డెట్రాయిట్ అంటే కార్ల ఊరు. అక్కడ ఆదివారాలు పాత కార్లను తుడిచి మెరిపించి వుడ్‌వర్డ్ అవెన్యూ అనే పెద్ద రోడ్డు మీద తిప్పడం ఒక సరదా. ఆ సరదా మా మామకీ అంటుకుంది. రెండేళ్ళ కిందట 1970 నాటి షెవ్రొలే షెవెల్ కారు ఒకటి కొన్నాడు. అందులో ఎనిమిది సిలిండర్ల ఇంజన్, 350 ఘనపుటంగుళాలది, మన లెక్కలో 5.7 లీటర్లు. గేరుబాక్సు ఆటోమేటిక్, మూడే గేర్లు, పేరు టర్బో హైడ్రామాటిక్ 350. వీధిలో కాలు పెడితే పులిలాగా ఉరుకుతుందంట. చిక్కు హైవే మీద వచ్చింది. గంటకి 100 కిలోమీటర్లు దాటితే ఇంజన్ ఒకటే అరుపు, పెట్రోలు నీళ్ళలాగా తాగడం.

ఎందుకు అరుస్తుందో లెక్క వేస్తే తెలుస్తుంది. టైరు వ్యాసం 26 అంగుళాలు. అంటే ఒక చుట్టుకి సుమారు 2.07 మీటర్లు పోతుంది. 100 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 803 చుట్లు తిరగాలి. వెనుక ఇరుసులో ఉండే పళ్ళ నిష్పత్తి (దాన్ని మా నాయన 'క్రౌన్' అంటాడు) ఆ కారులో 3.73. మూడో గేరులో గేరుబాక్సు లోపలికి ఒక చుట్టు వస్తే బయటికి ఒక చుట్టే పోతుంది. కాబట్టి 803ని 3.73తో గుణిస్తే ఇంజన్ సుమారు 3,000 చుట్లు తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్ అంటే ఇంజన్ చుట్టు కన్నా బయటి చుట్టు ఎక్కువగా ఉండే గేరు. దాని నిష్పత్తి 0.70 అనుకుంటే అదే వేగంలో ఇంజన్ 2,100 చుట్లు తిరిగితే చాలు. మామకి అదే కావాలి. క్లచ్చి లేకుండా, చేతితో గేరు మార్చకుండా, హైవేలో ఇంజన్ నెమ్మదించే ఆటోమేటిక్ కావాలి.

"నువ్వు లెక్కల్లో గట్టివాడివి కదరా, చూసి చెప్పు" అని మామ నాకు కొన్ని పేర్లు పంపినాడు. జనరల్ మోటార్స్ వారి 200-4ఆర్, 700-ఆర్4, 4ఎల్80-ఇ, ఫోర్డ్ వారి ఏ.ఓ.డి. నేను నోటు పుస్తకంలో పట్టిక గీసి నిష్పత్తులు ఎక్కించాను. ఫోర్డ్ గేరుబాక్సు షెవ్రొలే ఇంజన్‌కి నేరుగా బిగించడానికి రాదు, కొట్టేశాను. 4ఎల్80-ఇ చాలా గట్టిది కానీ బరువు, దానికి కంప్యూటర్ కూడా పెట్టాలి, ఖర్చు. మిగిలినవి రెండు. 200-4ఆర్‌లో మొదటి గేరు 2.74, నాలుగోది 0.67. 700-ఆర్4లో మొదటి గేరు 3.06, నాలుగోది 0.70. మొదటి గేరు అంకె ఎంత పెద్దదైతే బండి కదిలేటప్పుడు అంత బలం. నేను ఆలస్యం చేయకుండా "3.06 మామా, దానికన్నా పెద్దది లేదు" అని చెప్పేశాను. మామ పాత కార్ల తుక్కు యార్డులో 1983 నాటి కారు నుంచి ఊడదీసిన 700-ఆర్4 చవగ్గా దొరికితే కొన్నాడు. స్నేహితునితో కలిసి గ్యారేజీలో బిగించాడు.

ఐదు వారాలు నడిచింది. తర్వాత ఏమైందో చెప్పే ముందు ఆ పెట్టె ఎందుకు పుట్టిందో చెప్పాలి. నేను దాన్ని ఆలస్యంగా చదివాను.

ఆటోమేటిక్ గేరుబాక్సు కథ రోడ్డు మీద కాదు, నీళ్ళలో మొదలైంది. ఓడల్లో ఆవిరి టర్బైన్లు చాలా వేగంగా తిరిగేవి, ఓడ పంకా నెమ్మదిగా తిరగాలి. ఈ రెంటినీ కలపడానికి 1905లో జర్మనీ ఇంజినీరు హెర్మన్ ఫొటింగర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక పంకా నూనెను విసురుతుంది, ఎదురుగా ఉన్న పంకా ఆ నూనె దెబ్బకి తిరుగుతుంది. రెండూ ఒకదానికొకటి తగలవు. ఒక టేబుల్ ఫ్యాన్ ముందు కరెంటు లేని ఇంకో ఫ్యాన్ పెడితే అది కూడా తిరుగుతుంది చూడండి, అట్ల అన్నమాట. కారు ఆగినప్పుడు ఇంజన్ ఆరిపోకుండా ఉండటానికి ఇదే కీలకం. దీనితో క్లచ్చి పెడల్ అవసరం పోయింది.

దీన్ని వాడుకొని జనరల్ మోటార్స్ కంపెనీలో ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజినీరు బృందం హైడ్రా-మాటిక్ తయారు చేసింది. 1939 చివరిలో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో దాన్ని అమ్మకానికి పెట్టారు. లోపల సూర్యుడి చుట్టూ గ్రహాల్లాగా ఒక గేరు చుట్టూ చిన్న గేర్లు తిరుగుతాయి. వాటి పేర్లు కూడా సన్ గేర్, ప్లానెట్ గేర్. నూనె ఒత్తిడే చేయిలాగా పని చేసి ఏ గేరును ఆపాలో, దేన్ని వదలాలో చూసుకుంటుంది. వెంటనే యుద్ధం వచ్చింది. అదే పెట్టెను అమెరికా ఎం5 తేలిక ట్యాంకుల్లో పెట్టారు. ట్యాంకు నడిపేవానికి గేరు మార్చే శ్రమ తప్పింది.

ఇక్కడ ఒక పక్క సంగతి చెప్పకుండా ఉండలేను. 1953 ఆగస్టు 12న లివోనియాలో హైడ్రా-మాటిక్ కర్మాగారం నిప్పంటుకొని మొత్తం కాలిపోయింది. పనివాళ్ళు కూడా చనిపోయారు. ఖరీదైన కాడిలాక్ కార్లకి కొన్నాళ్ళు బ్యూయిక్ వారి గేరుబాక్సులు పెట్టి అమ్మాల్సి వచ్చింది. కంపెనీ అప్పుడు విల్లో రన్ అనే చోటికి మారింది. అది యుద్ధ కాలంలో ఫోర్డ్ వాళ్ళు బి-24 బాంబర్ విమానాలు చేసిన కర్మాగారం. ఆ రకం విమానాలే యుద్ధం అయినాక కాన్పూరులో వదిలేసి పోతే, మన వాళ్ళు వాటిని మా పక్కనున్న బెంగళూరుకి ఎగరేసుకొచ్చి, హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో బాగు చేసి మన వైమానిక దళానికి ఇచ్చారు. అవి విల్లో రన్‌లో చేసినవేనని నేను అనడం లేదు. కానీ ఒకే రకం విమానం రెండు దేశాల్లో రెండు కర్మాగారాల కథలోకి రావడం నాకు వింతగా తోచింది.

మళ్ళీ రోడ్డు మీదికి వస్తాను. 1964లో టర్బో హైడ్రామాటిక్ 400, 1969లో దాని తమ్ముడు 350 వచ్చాయి. 400 ఎంత గట్టిదంటే రోల్స్ రాయిస్ వాళ్ళు కొనుక్కున్నారు, చివరికి 1976లో ఫెరారీ వాళ్ళు కూడా తమ 400 మోడల్‌లో ఆటోమేటిక్ కావాలన్న వారికి దీన్నే పెట్టారు. కానీ ఈ గట్టి పెట్టెలన్నిటిలో పై గేరు ఒకటికి ఒకటే. ఓవర్‌డ్రైవ్ లేదు. కనిపెట్టలేక కాదు. 1934లోనే క్రిస్లర్ కార్లలో చేతి గేరుబాక్సు వెనుక ఓవర్‌డ్రైవ్ ఉంది. తర్వాత చాలామంది అమెరికా కార్లకి అది పెట్టించుకున్నారు. 1960లకి వచ్చేసరికి అది మెల్లగా మాయమైంది. పెట్రోలు గ్యాలన్ 40 సెంట్లకు లోపే దొరికేది. ఒక గ్యాలన్ అంటే 3.8 లీటర్లు. అంత చవగ్గా దొరికితే ఇంజన్ అరుపు గురించి ఎవరికి పట్టింది?

1973 అక్టోబరులో పట్టింది. అరబ్బు దేశాలు అమెరికాకి నూనె ఆపేశాయి. కొన్ని నెలల్లో ముడిచమురు ధర సుమారు నాలుగింతలు అయ్యింది. బంకుల ముందు కార్ల వరుసలు. 1974 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ దేశమంతా గంటకి 55 మైళ్ళు, అంటే 88 కిలోమీటర్లు దాటకూడదని చట్టం మీద సంతకం చేశాడు. 1975 డిసెంబరులో ఇంకో చట్టం వచ్చింది. ఒక కంపెనీ అమ్మే కార్లన్నీ కలిపి సగటున ఎన్ని మైళ్ళు ఇవ్వాలో ప్రభుత్వం చెప్పింది. 1978 మోడళ్ళకి గ్యాలన్‌కి 18 మైళ్ళు, 1985కి 27.5. మన లెక్కలో లీటరుకి 7.7 కిలోమీటర్ల నుంచి 11.7కి రావాలి. ఇది చిన్న పరీక్ష కాదు. మాకు 35 మార్కులు పాసయితే, ఏడేళ్ళలో 54 తేవాలన్నట్టు.

అప్పుడు కంపెనీలు మూలన పడేసిన ఓవర్‌డ్రైవ్‌ను వెతికి తీసి, ఆటోమేటిక్ లోపలే నాలుగో గేరుగా కలిపాయి. ఫోర్డ్ ఏ.ఓ.డి. 1980 మోడళ్ళలో వచ్చింది. జనరల్ మోటార్స్ 200-4ఆర్ 1981లో, 700-ఆర్4 1982లో. ఇంకొక మార్పు కూడా చేశారు. నూనె పంకాలు ఎప్పుడూ కొంచెం జారుతుంటాయి, ఆ జారుడులో పెట్రోలు వృథా. అందుకని వేగం కుదురుకున్నాక రెంటినీ కలిపి తాళం వేసే లాకప్ క్లచ్ పెట్టారు.

నేను ఆగి ఆలోచించాల్సిన చోటు ఇది. 3.06 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? బండి ఉరకడానికి పెట్టింది కాదు. కంపెనీ వాళ్ళు పెట్రోలు మిగల్చడానికి వెనుక ఇరుసు నిష్పత్తిని 3.08కి, ఇంకా తక్కువకి దించేశారు. అట్ల దించితే బండి కదిలేటప్పుడు నీరసంగా ఉంటుంది. ఆ నీరసం పోగొట్టడానికి మొదటి గేరును 3.06 చేశారు. 3.06ని 3.08తో గుణించండి, 9.42 వస్తుంది. మామ పాత గేరుబాక్సులో మొదటి గేరు 2.52, ఇరుసు 3.73. గుణించండి, 9.40. రెండూ ఒకటే! అంటే మామ కారుకి కదిలే బలం ముందే ఉంది. నేను చెప్పిన 3.06ని అతని 3.73తో కలిపితే 11.41 అయ్యింది. సిగ్నల్ దగ్గర కాలు పెడితే టైర్లు పొగలు కక్కడం తప్ప లాభం లేదు. పైగా మొదటి గేరు 3.06, రెండోది 1.63. ఈ రెంటి మధ్య పెద్ద గుంత. ఇంజన్ 5,000 చుట్లలో ఉన్నప్పుడు గేరు మారితే 2,660కి పడిపోతుంది. పాత పెట్టెలో అయితే 3,000 దగ్గర నిలిచేది. నా పట్టికలో అన్ని అంకెలూ సరిగ్గానే ఉన్నాయి, ఒకదాన్నొకటి గుణించడమే మర్చిపోయాను.

ఇంకొక విషయం ఆ పెట్టె పుట్టిన సంవత్సరం. 1982లో కొర్వెట్ అనే పేరున్న స్పోర్ట్స్ కారులో కూడా ఇంజన్ బలం 200 హార్స్‌పవరే. ఆ ఏడాది ఆ కారు 700-ఆర్4తో మాత్రమే అమ్మారు, చేతి గేర్లు లేవు. వేగం ఇష్టపడేవాళ్ళు ఓవర్‌డ్రైవ్ ఆటోమేటిక్ అంటే ముసలివాళ్ళ గేరుబాక్సు అని చులకన చేశారు. చులకన చేయడానికి కారణం కూడా ఉంది. మొదటి మూడేళ్ళ 700-ఆర్4లలో ఇంజన్ బలం తీసుకునే ఇనుప కమ్మికి 27 పళ్ళే ఉండేవి. 1985 నుంచి 30 పళ్ళు చేశారు. 1987కి లోపల నూనె దారులు కూడా మెరుగు చేశారు. మామ కొన్నది 1983ది. చవగ్గా ఎందుకు దొరికిందో ఇప్పుడు అర్థమవుతుంది.

చులకన పోగొట్టింది బ్యూయిక్ గ్రాండ్ నేషనల్ అనే నల్ల కారు. ఆరు సిలిండర్లే, కానీ టర్బో ఉంది. 1987లో 245 హార్స్‌పవర్. అదే ఏడాది 547 కార్లు మాత్రమే చేసిన జి.ఎన్.ఎక్స్.కి 276. ఎనిమిది సిలిండర్ల కార్లను దాటిపోయిన ఆ బండిలో ఉన్నది ఆటోమేటిక్ ఓవర్‌డ్రైవ్, నేను పట్టికలో రెండో స్థానం ఇచ్చిన 200-4ఆర్. మామూలు కార్లలో వాడిన దాన్నే లోపల గట్టి చేసి పెట్టారు. ఆ తర్వాత పాత వేగపు కార్ల వాళ్ళు తుక్కు యార్డుల్లో ఓవర్‌డ్రైవ్ గేరుబాక్సులు వెతకడం మొదలుపెట్టారు. పెట్రోలు చట్టం కోసం పుట్టిన పెట్టె వేగం కోసం పనికొచ్చింది.

ఇక మామ కారు. ఈ కాలపు గేరుబాక్సుల్లో కంప్యూటర్ లేదు. యాక్సిలేటర్ ఎంత తొక్కారో గేరుబాక్సుకి చెప్పడానికి కార్బురేటర్ నుంచి ఒక ఇనుప తీగ పోతుంది, సైకిల్ బ్రేకు తీగలాంటిది. చాలామంది ఆ తీగ గేరు ఎప్పుడు మారాలో చెబుతుందనే అనుకుంటారు. మామ కూడా అంతే అనుకున్నాడు. నిజానికి అది నూనె ఒత్తిడిని కూడా పెంచుతుంది. కాలు ఎక్కువ తొక్కితే బలం ఎక్కువ వస్తుంది, ఆ బలాన్ని పట్టుకోవడానికి లోపలి క్లచ్ పలకలను నూనె గట్టిగా నొక్కాలి. తీగ వదులుగా ఉంటే ఒత్తిడి రాదు, పలకలు జారుతాయి, జారితే కాలుతాయి. మామ కార్బురేటర్ కంపెనీది కాదు, తర్వాత పెట్టించింది. దాని మీద తీగ తగిలించే చోటు వేరే ఎత్తులో ఉంది. దాన్ని సరిచేసే చిన్న బ్రాకెట్ ఒకటి అమ్ముతారు. అది లేకుండా తీగ కట్టేశారు.

ఐదో వారంలో మూడో గేరు పడాల్సిన చోట ఇంజన్ ఊరికే అరిచింది, బండి కదల్లేదు. మామ వీడియో కాల్‌లో నూనె కొలిచే పుల్ల తీసి చూపించాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె నల్లగా ఉంది. "వాసన చూడు" అన్నాడు, ఫోన్‌లో వాసన రాదని మర్చిపోయి. ఈ పెట్టెలో ముందు కాలేది మూడు-నాలుగు గేర్ల క్లచ్ అని దాన్ని విప్పే ప్రతి మెకానిక్కుకీ తెలుసంట. తెలియనిది మా ఇద్దరికే.

వెనక్కి పోయి 200-4ఆర్ పెట్టుకుందామంటే ఇంకో చిక్కు. 200-4ఆర్ పొడవు మామ పాత గేరుబాక్సుతో సమానం. 700-ఆర్4 మూడు అంగుళాలు ఎక్కువ. దాన్ని పట్టించడానికి మామ వెనక్కి పోయే షాఫ్టును అప్పటికే కోయించి పొట్టి చేయించాడు. కోసింది మళ్ళీ పెరగదు కదా. అందుకని 700-ఆర్4నే, ఈసారి 1988ది, బాగు చేయించినది కొన్నాడు. బ్రాకెట్ పెట్టాడు, నూనె చల్లార్చే రేడియేటర్ పెట్టాడు, ఒత్తిడి చూపించే ముల్లు గడియారం తగిలించి తీగ లాగి చూసి మరీ బిగించాడు. ఇరుసు 3.08కి మార్చమని నేను చెప్పాను. "ఈ ఏడాది దుడ్లు లేవురా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నాకు ఎట్లో అయ్యింది. ఎందుకంటే ఆ డబ్బులు ఉగాదికి ఊరికి రావడానికి దాచుకున్నవి. మా అవ్వ అతన్ని చూసి మూడేళ్ళయింది.

ఇదంతా నాయనకి చెప్పాను. నాయన పాతికేళ్ళుగా క్లచ్చి తొక్కి తొక్కి ఎడమ మోకాలు పాడు చేసుకున్నాడు. క్లచ్చి లేని బండి అంటే సంతోషపడతాడు అనుకున్నాను. "తొప్పూరు ఘాట్లో లోడుతో దిగేటప్పుడు టాప్ గేరులో పెడితే బండి మన మాట ఇంటాదా? ఇంజన్ పట్టుకోవల్ల. గేరు తనంతట తాను పైకి పోతే ఎట్ల?" అన్నాడు. ఆటోమేటిక్‌లో కూడా ఘాట్లో ఓవర్‌డ్రైవ్ వదిలి కింది గేరులో పెట్టుకోవడానికి ఉంటుందని చెప్పాను. ఇప్పటి కార్లలో పది గేర్ల ఆటోమేటిక్ వచ్చిందని, 2018 మస్టాంగ్‌లో అట్లాంటిది ఉందని, పై మూడు గేర్లూ ఓవర్‌డ్రైవేనని చెప్పాను. నాయన "మూడా!" అని ఊరుకున్నాడు.

పోయిన ఆదివారం మామ మళ్ళీ వీడియో కాల్ చేశాడు. కొత్త పెట్టె బాగా నడుస్తోందంట, హైవేలో ఇంజన్ చప్పుడే లేదంట. నాయన ఫోన్ తీసుకొని, ఇన్ని రోజుల్లో మేము ఇద్దరమూ వేసుకోని ప్రశ్న వేశాడు.

"అదంతా సరేప్పా, లోడెంత వేస్తావు దాంట్లో?"

"లోడేముంది బావా, నేనొక్కణ్ణే."

"ఒక్కనికి ఇంత గేరుబాక్సా!" అని నాయన పడి పడి నవ్వాడు. అవ్వ పక్కనుంచి ఫోన్ లాక్కొని, "అంత బాగా పోతాంటే ఆ కారేసుకొనే వచ్చేయి రాదా అబ్బోడా" అంది. మేమందరం నవ్వినాము, మామ తప్ప.